గర్భసంచి ఆకారం వేరైనప్పుడు: ఏడో నెలకు ముందే వేసుకోవాల్సిన లెక్క

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ స్కానింగ్ సెంటర్‌కి పొద్దున్నే వెళ్లినా ఒకటే దృశ్యం. చేతిలో లీటరు నీళ్ల సీసా, ఒళ్లో ప్లాస్టిక్ కవర్లో ఫైలు, ఎదురుగా గోడ మీద ‘లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం’ అన్న బోర్డు. ఆ చట్టం అడిగే ఫారం-ఎఫ్ మీద సంతకం పెట్టి, నీళ్లు తాగి, పిలుపు కోసం కూర్చుంటారు. పది నిమిషాల్లో స్కాన్ అయిపోతుంది. చేతికొచ్చిన కాగితంలో బిడ్డ గుండె కొట్టుకుంటోందన్న మాట కింద ఒక్కోసారి ఇంకో చిన్న ముక్క ఉంటుంది: ‘బైకార్న్యుయేట్ యుటిరస్, కుడి కొమ్ములో గర్భం’. అంతే. ఆ ముక్క ఇంటికి చేరేసరికి ‘గర్భసంచి వంకరంట’ అవుతుంది. సాయంత్రానికి ‘రెండు గర్భసంచులంట’. మర్నాటికి ‘బిడ్డ నిలబడదంట’.

ఇలాంటి గర్భసంచితోనే ఇద్దరు ముగ్గుర్ని కని, పెంచి, పెళ్లిళ్లు చేసి, తమ సంచి ఆకారం వేరన్న సంగతి ఎప్పటికీ తెలియని అమ్మమ్మలు ఈ రెండు ఊళ్లలోనూ ఉండే ఉంటారు. స్కానింగులు పెరిగాక బయటపడుతున్న విషయమిది. అలాగని తేలిగ్గా తీసిపారేసేదీ కాదు. గర్భం నిలవకపోవడం, నెలలు నిండకుండానే నొప్పులు రావడం, బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం, బరువు సరిగా పెరగకపోవడం మామూలు కంటే ఎక్కువగానే జరుగుతాయి.

గర్భం వచ్చాక సంచి ఆకారాన్ని ఎవరూ మార్చలేరు. మందుతో మారదు, మంచం మీద పడుకున్నా మారదు. నొప్పులు ముందే మొదలైతే ఆ వేళకి ఆ అమ్మాయి ఏ ఊళ్లో ఉంటుంది, చూసేదెవరు, పుట్టిన పసికందును పెట్టడానికి ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) ఎంత దూరంలో ఉంది అన్నవి మాత్రం ఇంట్లోవాళ్లు ముందే తేల్చుకోగలిగిన విషయాలు. గుంటూరు నుంచి విజయవాడకు 35 కిలోమీటర్లు. ఈ చివర ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్, ఆ చివర పెద్దాసుపత్రి, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్, వీధికి నాలుగు నర్సింగ్ హోములు. ఇంత వసతి రాష్ట్రంలో చాలా ఊళ్లకు లేదు. దాన్ని వాడుకోవాలంటే ముందు రిపోర్టులో ఏం రాశారో సరిగ్గా అర్థం కావాలి.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ‘గర్భసంచి వెనక్కి తిరిగి ఉంది’ అంటే ఆకారం తేడా అని కాదు. చాలామందికి సంచి ముందుకు వంగి ఉంటుంది, సుమారు అయిదుగురిలో ఒకరికి వెనక్కి వాలి ఉంటుంది. అది మామూలే. రిపోర్టులో ‘రెట్రోవర్టెడ్’ అని ఉన్నంత మాత్రాన ఏ టెన్షనూ అక్కర్లేదు. ఫైబ్రాయిడ్ గడ్డల వల్ల సంచి ఉబ్బెత్తుగా కనిపించడం కూడా వేరే కథ. ఇక్కడ చెప్పుకునేది పుట్టుకతోనే వేరుగా తయారైన సంచి గురించి.

రెండు పాయలు కలవకపోతే

మామూలు గర్భసంచి తలకిందులుగా పట్టుకున్న జామకాయలా ఉంటుంది. అయితే అది మొదట ఒక్కటిగా మొదలు కాదు. ఆడబిడ్డ తన తల్లి కడుపులో ఉన్నప్పుడు, సుమారు ఆరో వారంలో, కుడి ఎడమల రెండు సన్నని గొట్టాలు ఏర్పడతాయి. వీటిని 1830లో వివరించిన జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ పేరుతో ముల్లేరియన్ నాళాలంటారు. ఇవి కింది భాగంలో ఒకదానికొకటి దగ్గరై అతుక్కుంటాయి. అతుక్కున్న చోట మధ్యలో మిగిలే గోడ నెమ్మదిగా కరిగిపోతుంది. అప్పుడు ఒకే గది ఉన్న సంచి తయారవుతుంది. పైన విడిగా మిగిలిన రెండు కొసలే ఫెలోపియన్ ట్యూబులు.

ఈ పని ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక పేరు పుడుతుంది. రెండు నాళాలు అసలు కలవకపోతే రెండు సంచులు, రెండు సంచి మూతులు (సెర్విక్స్‌లు): డైడెల్ఫిస్. కింద కలిసి పైన విడిపోతే బైకార్న్యుయేట్, అంటే రెండు కొమ్ముల సంచి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి మధ్యలో దివిసీమను వదిలినట్టు ఉంటుంది దాని పై భాగం. కలిశాక మధ్య గోడ కరగకపోతే సెప్టేట్. ఒక నాళం పెరిగి రెండోది పెరగకపోతే యూనికార్న్యుయేట్, ఒంటి కొమ్ము సంచి. పైన కొద్దిగా లోపలికి నొక్కుకున్నట్టు మాత్రమే ఉంటే ఆర్క్యుయేట్ అంటారు. దీన్ని చాలామంది నిపుణులు మామూలు సంచి కిందే లెక్కేస్తారు. రిపోర్టులో ఆ ఒక్క మాటే ఉంటే కంగారు పడాల్సిందేమీ లేదు.

ఎంతమందికి ఉంటుంది? 2011లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం మామూలు స్త్రీలలో సుమారు 5.5 శాతం మందికి ఏదో ఒక తేడా ఉంది. పిల్లలు కలగక చికిత్సకు వచ్చినవారిలో 8 శాతం, గర్భస్రావాలైనవారిలో 13.3 శాతం, రెండు సమస్యలూ ఉన్నవారిలో 24.5 శాతం. మొదటి అంకె ముఖ్యం. నూరు మందిలో అయిదారుగురంటే పెళ్లి భోజనాల్లో ఒక పెద్ద బంతికి అయిదారుగురు. అందులో చాలామందికి ఆర్క్యుయేట్ వంటి తేలికపాటి తేడాయే.

ఇక కారణం. గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టిందనో, మేనరికం చేసుకున్నారనో, కోడలి పుట్టింటివాళ్లు చెప్పకుండా దాచారనో మాటలు వస్తాయి. ఆకారం ఖరారైంది ఆ అమ్మాయి తన తల్లి కడుపులో పిండంగా ఉన్న రోజుల్లో. అప్పుడు ఏ తల్లికీ ఈ సంగతి తెలిసే వీల్లేదు. చాలావరకు ఇందులో ఒక స్పష్టమైన కారణమంటూ దొరకదు. బొప్పాయి, పనస ఊసు కూడా ఇక్కడ అనవసరం.

గదిలో నిలబడితే డాబా కనిపించదు

అసలు చిక్కంతా రెండు పేర్ల మధ్య ఉంది: సెప్టేట్, బైకార్న్యుయేట్. ఒకదాన్ని ఇంకోటిగా రాయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. రెండింటి దారులు మాత్రం వేరు.

ఒక గదిలోకి వెళ్లామనుకోండి. మధ్యలో గోడ ఉంది. అది ఒకే ఇంట్లో కట్టిన అడ్డుగోడా, లేక పక్కపక్కనే ఉన్న రెండిళ్ల ఉమ్మడి గోడా? లోపల నిలబడి చెప్పలేం. డాబా ఎక్కి చూడాలి. పైన ఒకటే శ్లాబు సమంగా ఉంటే ఒకే ఇల్లు. మధ్యలో లోయలా దిగిపోతే రెండిళ్లు. పిల్లలు కలగనప్పుడు చేయించే డై టెస్ట్, అంటే హెచ్‌ఎస్‌జీ, గదిలో నిలబడి చూడటం లాంటిది. మందు లోపలికి ఎక్కించి ఎక్స్‌రే తీస్తే లోపలి ఆకారం ‘వి’ అక్షరంలా పడుతుంది. బయటి అంచు అందులో పడదు. కాబట్టి కేవలం డై టెస్ట్ చూసి ‘బైకార్న్యుయేట్’ అని రాసిన మాటను ఖరారైన మాటగా తీసుకోకూడదు.

డాబా ఎక్కి చూసే పని చేసేది 3డీ స్కాన్. కిందినుంచి చేసే ఈ స్కాన్‌కి నీళ్లు తాగి బిగబట్టుకోనక్కర్లేదు, ‘బాత్రూమ్‌కి వెళ్లొచ్చి పడుకోండమ్మా’ అంటారు. మామూలు స్కాన్ సంచిని పక్కనుంచి, అడ్డంగా కోసి చూపిస్తే, 3డీ మెషీన్ దాన్ని ఎదురుగా నిలబెట్టి చూపిస్తుంది. ఆ బొమ్మలో పై అంచు సాఫీగా ఉందా, నొక్కుకుపోయిందా అన్నది కొలవొచ్చు. అమెరికా నిపుణుల సంఘం కొలత ప్రకారం బయటి అంచు ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ లోపలికి దిగితే రెండు కొమ్ముల సంచి, అంతకంటే తక్కువగా ఉండి లోపల గోడ మాత్రమే దిగితే సెప్టేట్. 3డీలోనూ తేలకపోతే ఎంఆర్‌ఐ. ఒకప్పుడు కడుపులోకి దూర్బీన్ (ల్యాపరోస్కోప్) పెట్టి చూస్తేగానీ తేలేది కాదు. ఇప్పుడు కేవలం పేరు తేల్చడం కోసం కడుపు మీద కోత పెట్టాల్సిన అవసరం చాలావరకు పోయింది.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. యూరప్ సంఘాలు 2013లో ఒక కొలత పెట్టాయి, అమెరికా సంఘం 2021లో తన కొలతలను సవరించుకుంది. రెండూ ఒకటి కావు. ఒక లెక్కలో ‘సెప్టేట్’ అయిన సంచి ఇంకో లెక్కలో ‘మామూలు’ అవుతుంది. గుంటూరులో ఒక డాక్టరు ఆపరేషన్ అన్నారు, విజయవాడలో ఇంకొకరు అక్కర్లేదన్నారు అని జనం విసుక్కుంటారు గానీ, చాలాసార్లు ఇద్దరిదీ తప్పుండదు. ఇద్దరి చేతిలో ఉన్న స్కేళ్లు వేరు. అందుకే రిపోర్టులో పేరుతోపాటు మిల్లీమీటర్లు కూడా రాయించుకోవడం మంచిది. అంకె ఉంటే ఎవరి స్కేలుతోనైనా కొలుచుకోవచ్చు.

సెప్టేట్ అని తేలితే ఆ గోడను హిస్టరోస్కోపీతో, అంటే సంచిలోకి సన్నని దూర్బీన్ పంపి, కడుపు కోయకుండా, కిందినుంచే తీసేయొచ్చు. రెండు కొమ్ముల సంచికి ఆ పని చేయకూడదు. డాబా లేని చోట గోడ కొడితే చేయి బయటికి వెళ్తుంది, సంచికి చిల్లు పడుతుంది. పేరు తేల్చడం ఎందుకంత అవసరమో ఇదొక్కటి చాలు.

అయితే గోడ ఉందని తెలియగానే కోయాలా? చాలా ఏళ్లు ‘కోయాల్సిందే’ అన్నారు. కోసినవారికి తర్వాతి గర్భం నిలిచింది, కాబట్టి కోత పనిచేసింది అన్నది లెక్క. కోయకపోయినా ఎంతమందికి నిలిచేదో చీట్లు తీసి సరిగా పోల్చి చూడలేదు. నెదర్లాండ్స్ వైద్యుల ఆధ్వర్యంలో కొన్ని దేశాల్లో జరిగిన ఒక పరీక్ష ఆ పని చేసి, 2021లో ఫలితం బయటపెట్టింది. 80 మందిని చీట్లు తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. గోడ తీయించుకున్నవారిలో 31 శాతం మందికి, తీయించుకోనివారిలో 35 శాతం మందికి బిడ్డ దక్కింది. అంటే తీసినందువల్ల లాభం కనపడలేదు. 80 మందిని పోగేయడానికే దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది, అది చిన్న పరీక్షే, దాంతోనే అంతా తేలిపోయిందనడం తొందరపాటు. వరసగా గర్భాలు పోయిన అమ్మాయికి గోడ పెద్దదిగా ఉంటే తీయాలన్న వాదనలో ఇప్పటికీ బలముంది. మొదటి గర్భం కూడా రాకముందే, ఏ ఇబ్బందీ లేకుండానే, ‘ఎందుకైనా మంచిది’ అని కోయించుకోవడానికి మాత్రం ఆధారం పలచబడింది. రెండు కొమ్ములను కోసి ఒకటిగా కుట్టే పెద్దాపరేషన్ ఒకప్పుడు చేసేవారు, ఇప్పుడు చాలా అరుదు.

పేరు తేలాక వెంటనే చూడాల్సింది కిడ్నీలు. సంచి, కిడ్నీలు పిండంలో ఒకే కాలంలో, పక్కపక్కనే తయారవుతాయి. ఒంటి కొమ్ము సంచి ఉన్నవారిలో సుమారు 40 శాతం మందికి కిడ్నీలోనూ ఏదో ఒక తేడా ఉంటుంది, ఎక్కువగా సంచి పెరగని వైపున కిడ్నీ లేకపోవడం. మామూలు కడుపు స్కాన్‌లోనే ఇది తెలిసిపోతుంది. గర్భిణి బీపీ, యూరిన్‌లో ప్రొటీన్, క్రియాటినిన్ ఎంత శ్రద్ధగా చూడాలన్నది దీన్నిబట్టి మారుతుంది. ఎందుకో గానీ సంచి గురించి నాలుగు స్కాన్లు చేయించి, కిడ్నీ వైపు చూడని ఫైళ్లు కూడా ఉంటాయి.

మూడో నెల నుంచి ఒక ప్రమాదం

ఒంటి కొమ్ము సంచి పక్కన కొందరికి సగం పెరిగిన చిన్న కొమ్ము ఉంటుంది. దానికి సంచి మూతితో దారి ఉండదు. అయినా అందులో గర్భం రావచ్చు, వీర్యకణం రెండో వైపు ట్యూబులోంచి బయటపడి కడుపులో ప్రయాణించి చేరుతుంది. ఆ కొమ్ము గోడ పలచన, సాగదు. మూడు నుంచి ఆరు నెలల మధ్య పగిలిపోయే ప్రమాదం ఎక్కువ. ట్యూబులో వచ్చిన గర్భంలాగే దీన్నీ ప్రాణాపాయంగా చూసి, పగలకముందే ఆ కొమ్మును తీసేయాలి. చాలా అరుదైన సంగతే. వచ్చినప్పుడు మాత్రం గంటల వ్యవధి కూడా ఇవ్వదు. హఠాత్తుగా కడుపులో భరించలేని నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు, ఒళ్లు చల్లబడటం. రక్తమంతా లోపలే కారుతుంది కాబట్టి బయటికి ఒక్క చుక్క కూడా కనిపించకపోవచ్చు. ‘గ్యాస్ పట్టేసింది, ఈనో తాగించండి’ అన్న మాట అప్పుడే వినపడుతుంది. అప్పుడు పిలవాల్సింది 108ని.

దీన్ని ముందే పట్టుకునే అవకాశం ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య చేసే మొదటి స్కాన్‌లో ఉంది. గర్భం పెరిగే కొద్దీ సంచి అంచులు సాగిపోయి ఆకారం గుర్తుపట్టడం కష్టమవుతుంది. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ నాటికి బిడ్డ వేళ్లు లెక్కపెట్టొచ్చు గానీ సంచి రెండు కొమ్ములదా కాదా అన్నది తేలకపోవచ్చు. ఇంతకుముందు డై టెస్ట్‌లో ఏదైనా తేడా అన్నారంటే, ఆ పాత ఫిల్మ్ మొదటి స్కాన్‌కి వెంట పట్టుకెళ్లాలి.

మూసుకుపోయిన కొమ్ము గురించి ఇంకో మాట. బడికెళ్లే వయసు అమ్మాయి ప్రతి నెలా ఒకే వైపు నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే మన ఇళ్లలో సమాధానం సిద్ధంగా ఉంటుంది: ‘పెళ్లయితే అదే తగ్గిపోతుంది.’ లోపల చేరిన రక్తం బయటికి దారి లేక వచ్చే నొప్పి పెళ్లితో తగ్గదు. అప్పుడే ఒక స్కాన్ చేయిస్తే పదేళ్ల తర్వాత వచ్చే చిక్కు తప్పుతుంది.

రెండు సంచులున్నవారి సంగతి విన్నంత భయంకరం కాదు. ఒక సంచిలో బిడ్డ పెరుగుతుంటే రెండోది కూడా కాస్త ఉబ్బుతుంది. ఖాళీ సంచి పొర రాలి రక్తం కనపడటం కూడా ఉంటుంది. అయినా రక్తం చూస్తే సొంత తీర్పు ఇచ్చుకోకుండా డాక్టరుకి చూపించాలి. 2019లో బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ ప్రాంతానికి చెందిన 20 ఏళ్ల యువతి ఒక సంచిలోంచి బాబును కని, 26 రోజుల తర్వాత రెండో సంచిలోని కవలలను కన్నది. మొదటి కాన్పు అయ్యేదాకా రెండో సంచి ఉందని ఎవరికీ తెలియదు. అలాంటివి పేపర్లో రావడానికే పుట్టిన విశేషాలు.

పుట్టింటికి పంపే నెల

నెలలు నిండకముందే నొప్పులు వచ్చే అవకాశం ఎంత? ఆకారాన్నిబట్టి మారుతుంది. ఒంటి కొమ్ము సంచి మీద 2009లో వచ్చిన ఒక సమీక్షలో సుమారు 20 శాతం గర్భాలు నెలలు నిండకుండా కాన్పు అయ్యాయి. మొత్తం గర్భాల్లో సగం మాత్రమే బతికిన బిడ్డతో ముగిశాయి. ఆసుపత్రికి చేరిన, అంటే ఏదో ఇబ్బందితో బయటపడిన కేసుల లెక్క ఇది. ఏ ఇబ్బందీ లేకుండా కన్నవాళ్లు లెక్కలోకే రాలేదు కాబట్టి అసలు పరిస్థితి ఇంతకంటే మెరుగ్గానే ఉండొచ్చు.

నెలలు నిండకముందే వచ్చే నొప్పులను ఊహించడానికి ఇప్పుడున్న మంచి సాధనం సంచి మూతి పొడవు కొలవడం. 16 నుంచి 24 వారాల మధ్య, కిందినుంచి చేసే స్కాన్‌తో కొలుస్తారు. 25 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే జాగ్రత్త పడతారు, యోనిలో పెట్టుకునే ప్రొజెస్టెరాన్ మాత్రలు రాస్తారు, కొందరికి సంచి మూతికి కుట్టు వేస్తారు. ఆకారం వేరు కాబట్టి అందరికీ కుట్టు వేయాలన్న నియమం ఏదీ లేదు. ఇంతకుముందు నాలుగైదు నెలల గర్భం నొప్పి లేకుండా జారిపోయిందా, మూతి కురచ అవుతోందా అన్నది చూసి నిర్ణయించాలి. కుట్టు వేసినవారు గుర్తుంచుకోవాల్సిందొకటుంది: నొప్పులు మొదలైతే ఆ కుట్టు వెంటనే విప్పాలి, లేకపోతే మూతి చీలిపోతుంది. ఇక వారం వారం తొడకో పిర్రకో వేసే ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్ మన దగ్గర ఇంకా వాడుకలో ఉంది. నెలలు నిండని కాన్పును ఆపడంలో దాని ఉపయోగం రుజువు కాలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో దానికిచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. రాసిన డాక్టరుని ఎందుకని అడగడంలో తప్పులేదు.

బెడ్ రెస్ట్ గురించి నిష్ఠూరమైనా చెప్పాలి. ‘కాలు కింద పెట్టకు’ అన్న మాటలో ప్రేమ ఉంది, ఆధారం లేదు. మంచం మీద పడుకోబెట్టినందువల్ల నెలలు నిండని కాన్పులు తగ్గినట్టు పరిశోధనల్లో కనపడలేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కండలు నీరసించడం, ఆరు నెలలు గోడలు చూస్తూ మనసు పాడవడం మాత్రం నిజం. బరువులు మోయకపోవడం, గుంటల రోడ్డు మీద ఆటో ప్రయాణాలు తగ్గించడం, మే నెలలో బెజవాడ ఎండకు నీళ్లు బాగా తాగడం వేరు. ఒంట్లో నీరు తగ్గితే సంచి బిగుసుకోవడం ఎక్కువవుతుంది.

ఇక అసలు లెక్క. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలో సీమంతం చేసి, గాజులు తొడిగి, అమ్మాయిని పుట్టింటికి పంపుతారు. కొన్ని ఇళ్లలో తొమ్మిదో నెల. ఏడో నెలంటే వారాల లెక్కలో సుమారు 25 నుంచి 28. ఈ సంచులున్నవారికి ప్రమాదం ముదిరే కాలం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. కాపురం విజయవాడలో, పుట్టిల్లు గుంటూరులో అయితే ఇబ్బంది లేదు, వారధి దాటితే గంట ప్రయాణం. పుట్టిల్లు మాచర్ల అయితే గుంటూరుకి వంద కిలోమీటర్ల పైమాటే. దివిసీమ లోపలి పల్లె అయితే రాత్రిపూట బెజవాడ చేరడానికి ఎంత సేపు పడుతుందో అక్కడివాళ్లకే తెలుసు. మొదటినుంచీ చూసిన డాక్టరుకీ, ఎన్‌ఐసీయూకీ దూరంగా ఆ అమ్మాయిని మనమే బండెక్కించి పంపుతున్నాం.

ఆచారం మానమని చెప్పనక్కర్లేదు. సీమంతం ఎక్కడైనా చేసుకోవచ్చు. అమ్మాయి పుట్టింటికి వెళ్లే బదులు తల్లి కూతురి దగ్గరికి రావచ్చు. లేదా 34 వారాలు దాటేదాకా ఆగొచ్చు. ‘అల్లుడింట్లో మేమెలా ఉంటాం వదినా’ అని వియ్యపురాలు మొహమాటపడితే, ‘రెండు నెలలే కదా, మన పిల్ల కోసం’ అని అత్తగారు ఒక్క మాటంటే తీరిపోయే సమస్య ఇది. ‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అన్న పాత మాటను కూడా ఈ సందర్భంలో పక్కన పెట్టాలి. కడుపులో గడిచిన ప్రతి వారం బిడ్డ ఊపిరితిత్తులకు లాభమే. 32 వారాల బిడ్డ కంటే 28 వారాల బిడ్డ గట్టిగా ఉండే లోకం ఎక్కడా లేదు.

పుట్టింటికి వెళ్లక తప్పకపోతే అక్కడి పీహెచ్‌సీలో ముందే పేరు రాయించాలి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితంగా జరిగే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ప్రమాదం ఉందనుకున్నవారి కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. సంచి ఆకారం సంగతి ఆ రోజు నోటితో చెప్పి, కార్డులో రాయించాలి. ఎందుకంటే ముందు నొప్పులు వచ్చినప్పుడు బిడ్డను కాపాడే మొదటి మందు పెద్దాసుపత్రిలోనే దొరుకుతుందనేం లేదు. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు వస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, మొత్తం నాలుగు ఇస్తారు. మొదటి డోసు ఏఎన్‌ఎం ఇచ్చి పెద్దాసుపత్రికి పంపొచ్చని 2014లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. చవకైన ఇంజెక్షన్. పూర్తి ప్రభావానికి రెండు రోజులు పడుతుంది కాబట్టి ఎంత ముందు పడితే అంత మంచిది.

నొప్పులంటే సినిమాలో చూపించినట్టు కేకలు వేసేవే కాదు. కడుపు రాయిలా బిగుసుకుని వదలడం గంటలో నాలుగు సార్లకు మించి జరిగినా, నడుము నొప్పి అలలు అలలుగా వచ్చి పోతున్నా, తెల్లబట్ట ఒక్కసారిగా నీళ్లలా ఎక్కువైనా, రక్తపు చారిక కనపడినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఆపరేషన్ తప్పదా?

తప్పదని చాలామంది ముందే అనేసుకుంటారు. సంచి ఆకారం వేరు కావడమే సిజేరియన్‌కి కారణం కాదు. బిడ్డ తల కిందికి తిరిగి, బరువు బాగుండి, మిగతా అంతా సవ్యంగా ఉంటే మామూలు కాన్పు ప్రయత్నించవచ్చు. చిక్కేమిటంటే ఇరుకు గదిలో బిడ్డకు తిరగడానికి చోటుండదు. తల ఒక కొమ్ములో ఇరుక్కుపోయి, ఎదురుకాళ్లతోనో అడ్డంగానో ఉండిపోతుంది. పైనుంచి చేత్తో నొక్కి బిడ్డను తిప్పే పద్ధతి ఈ సంచులకు సాధారణంగా వాడరు. అందువల్ల చివరికి ఆపరేషన్ అయ్యేవారు ఎక్కువే. 28 వారాల నుంచి మూడు నాలుగు వారాలకోసారి బిడ్డ బరువు చూసే స్కాన్, 36 వారాలప్పుడు తల ఎటుందో చూసే స్కాన్ ఉంటే నిర్ణయం తీరిగ్గా తీసుకోవచ్చు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. అంటే ఆపరేషన్‌కి ఇక్కడ పెద్ద కారణం అక్కర్లేదు. అలాంటి చోట ‘గర్భసంచి తేడా’ అన్న మాట తోడైతే, దానికి పంతులుగారి ముహూర్తం కూడా కలిస్తే, 37 వారాలకే కత్తి పడుతుంది. ఏ ఇబ్బందీ లేనప్పుడు 39 వారాలకు ముందు కోసి తీస్తే బిడ్డకు ఊపిరి ఆయాసం ఎక్కువ. నక్షత్రం బాగుందని తీసిన బిడ్డను మూడు రోజులు ఇంక్యుబేటర్‌లో పెట్టడం ఏ జాతకానికీ మేలు కాదు.

మామూలు కాన్పయినా, ఆపరేషనైనా మాయ అతుక్కుపోవడం, రక్తం ఎక్కువ పోవడం ఈ సంచులతో కాస్త ఎక్కువ. రక్తం ఎక్కించే ఏర్పాటు ఉన్న చోట కాన్పు పెట్టుకోవాలి, నెగెటివ్ గ్రూపు అయితే ముందే చెప్పి ఉంచాలి. ఐవీఎఫ్ చేయించుకునేవారికి ఇంకో మాట. ‘రెండు పిండాలు పెట్టించుకుంటే కవలలు, ఒకే ఖర్చు’ అన్న ఆశ ఈ రెండు ఊళ్ల ఫెర్టిలిటీ సెంటర్ల వరండాల్లో బాగా వినపడుతుంది. ఒంటి కొమ్ము సంచిలో కవలలంటే ఒంటి గదిలో రెండు కాపురాలే. ఒక్క పిండంతో ఆగడమే తెలివి.

కాన్పు అయ్యాక కూడా ఆకారం సంగతి పనికొస్తూనే ఉంటుంది. లోపలి గది వంకరగా ఉన్న సంచికి కాపర్-టీ నప్పదు, కాన్పు బల్ల మీదే కాపర్-టీ వేసే ఆసుపత్రుల్లో ఈ విషయం ముందే చెప్పాలి. రెండు సంచులున్నవారికి ఎప్పుడైనా డీ అండ్ సీ (సంచిని లోపల శుభ్రం చేయడం) చేయాల్సి వస్తే ఏ వైపు గర్భం ఉందో స్కాన్‌తో చూస్తూ చేయాలి. లేకపోతే ఖాళీ సంచిని శుభ్రం చేసి పంపేయడం జరుగుతుంది. పిల్లలు చాలనుకున్నాక ‘ఎలాగూ తేడా సంచే కదా, తీయించేస్తే పోలా’ అన్న సలహా కూడా వస్తుంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉందని ఇదే సర్వేలు చెబుతున్నాయి. ఆకారం ఒక్కటే దానికి కారణం కాదు, కాకూడదు.

సిజేరియన్ అయితే ఒక అవకాశం ఉంది. బిడ్డను తీశాక సంచి బయటి ఆకారం డాక్టరు కళ్లెదుటే ఉంటుంది. ఏ స్కానూ అంత స్పష్టంగా చూపించదు. పై అంచు సమంగా ఉందా, కొమ్ములెన్ని, రెండు ట్యూబులూ ఉన్నాయా అన్నది డిశ్చార్జి కాగితంలో రెండు వాక్యాలుగా రాయమని అడగాలి. స్కాన్ సెంటర్ ఇచ్చే మెరిసే కాగితం మీద బొమ్మ బీరువాలో ఉండగానే వెలిసిపోతుంది. ఆ రెండు వాక్యాలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే, మూడేళ్ల తర్వాత రెండో గర్భానికి ఏ ఊరి డాక్టరు దగ్గరికి వెళ్లినా మళ్లీ డై టెస్ట్ దగ్గర్నుంచి మొదలుపెట్టే పని ఉండదు.